కుడి కంటికి వాలు, ఎడమ కంటికి చిక్కు: మాట వినని రెప్పవెంట్రుకలతో ఒక కేసు

ఈ కేసులో క్లయింటుకు 47 ఏళ్లు. విశాఖ అక్కయ్యపాలెంలో భర్తతో కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. పెద్దమ్మాయి పెళ్లికి సరిగ్గా ఆరు వారాలుందనగా రెప్పవెంట్రుకలకు ఎక్స్‌టెన్షన్లు (ఒక్కో వెంట్రుకకు గ్లూతో అంటించే కృత్రిమ వెంట్రుకలు) పెట్టే సీతమ్మధారలోని నా స్టూడియోకి వచ్చారు. నా దగ్గరకు పెళ్లికూతుళ్లు చాలామంది వస్తారు, పెళ్లికూతురి తల్లి తన కోసం రావడం మాత్రం నాకు అదే మొదలు. కుర్చీలో కూర్చుంటూనే, "ఏటమ్మా ఈ వయసులో ఈవిడకిది అనుకోకు. ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందే ఉన్నాను. పిల్ల పెళ్లి ఫొటోల్లో నా కళ్లు కనపడాలి, అంతే" అన్నారు. అంతకుముందు వెళ్లిన ఒక పార్లర్‌లో "మీ రెప్పలకు నిలవవు" అని పంపేశారట. ఆవిడ అనుమతి తీసుకునే ఇదంతా రాస్తున్నాను.

ఈ పని నేర్చుకుంటున్న అమ్మాయిలకు ఉపయోగపడాలని, నేను చేసిన తప్పుతో సహా వివరంగా చెబుతాను.

మొదటి రోజు చూసింది

ముందు మేకప్ తీసి, రెప్పలు పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిపి దువ్వాక ఒకసారి చూస్తాను. తడి ఆరేకొద్దీ వెంట్రుక మళ్లీ ఎటు తిరుగుతుందో, అదే దాని అసలు దారి. బ్రష్‌తో దువ్వినప్పుడు బుద్ధిగా నిలబడిందని నమ్మితే గంట తర్వాత మోసపోతాం.

కుడి కంటి వెంట్రుకలు పుల్లల్లా తిన్నగా ఉండి నేలవైపు వాలాయి. పొడవు ఏడు మిల్లీమీటర్లకు మించదు. పైరెప్ప చర్మం కూడా కాస్త జారి, ఆ వెంట్రుకల మొదళ్లను కప్పేస్తోంది. కళ్లు తెరిచి నన్ను చూస్తుంటే వెంట్రుకలు ఉన్నట్టే లేదు.

ఎడమ కంటిది వేరే కథ. లోపలి సగం మొదటి చూపుకు మామూలుగానే కనిపించింది. చెవివైపు మూడో వంతులో మాత్రం వెంట్రుకలు కత్తెరల్లా ఒకదాని మీదొకటి అడ్డంగా పడి ఉన్నాయి. ఎటు తిరిగి పడుకుంటారని అడిగాను. ఎడమవైపే అన్నారు. తలగడకు నలిగి అలా అయిందనుకున్నాను. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

ఎడమ కంట్లోనే, ముక్కువైపు మూలలో రెండు వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిగుడ్డును తాకుతున్నాయి. "అప్పుడప్పుడు గరగరలాడుతుంది, పొగ వల్లేమో అనుకున్నాను" అన్నారావిడ. ఇది మన చేతిలో ఉండే పని కాదు. ఆ వెంట్రుకల మీద ఎక్స్‌టెన్షన్ పెట్టి బయటికి తిప్పవచ్చేమోనన్న ఆలోచన కూడా రాకూడదు. కంటిగుడ్డును రాసుకునే వెంట్రుక నల్లగుడ్డు మీద పుండు చేయగలదు. ట్వీజర్ చేతిలో ఉందని మనమే పీకేయడమూ తప్పే. మూలం సగంలో తెగితే మొద్దుగా మిగిలిన ముక్క ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. విశాఖలో కంటి వైద్యానికి కొరత లేదు. హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఎవరికైనా చూపించుకుని రమ్మని, అప్పటిదాకా గ్లూ బాటిల్ తెరవనని చెప్పాను.

డాక్టరు ఆ రెండింటినీ తీసేసి, కొన్ని వారాల్లో మళ్లీ మొలుస్తాయని చెప్పారట. రెప్ప అంచున కొంచెం వాపు ఉందని, రెండు వారాలు రోజూ గోరువెచ్చని కాపడం పెట్టి అంచులు శుభ్రం చేసుకోమన్నారట. నాకదే కావలసింది. వాపున్న రెప్ప మీద ఎంత మంచి గ్లూ అయినా నిలవదు, నిలిచినా కంటికి మంచిది కాదు.

ఆముదం విషయం

ఆవిడ రోజూ రాత్రి రెప్పలకు ఆముదం రాసుకుంటారు. పగలు ఇంట్లో పట్టిన కాటుక. ఆముదపు దీపం మసిని ఆముదంతోనే కలిపి చేసిన కాటుక అది, అంటే అందులోనూ నూనే. తల్లి నేర్పిన అలవాటు. దాన్ని తప్పు పట్టడం నాకిష్టం లేదు. కానీ మన గ్లూ సయనోఅక్రిలేట్. నూనె పొర ఉంటే అది వెంట్రుకకు కాక నూనెకు అంటుకుంటుంది. రెండు వారాలూ ఆముదం ఆపమన్నాను, కాటుక కింది రెప్పకు కూడా వద్దన్నాను. దానికి బదులు నూనె లేని లాష్ క్లెన్సర్ ఇచ్చి, నురుగుతో వెంట్రుకల మొదళ్లలో ఎలా రుద్దాలో అద్దం ముందు చేయించి చూపాను. దుమ్ము, పొగ, నూనె ఆవిరి మధ్య పనిచేసేవాళ్లకు ఇదే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

పెళ్లికి 24 రోజుల ముందు ప్యాచ్ టెస్టుగా రెండు కళ్లకూ బయటి మూలల్లో రెండేసి ఎక్స్‌టెన్షన్లు పెట్టి పంపాను. 48 గంటల్లో దురద, ఎరుపు ఏమీ లేవు.

మొదటి సెట్టు, నా తప్పు

పెళ్లికి 22 రోజుల ముందు పూర్తి సెట్టు పెట్టాను. ఆ రోజు బయట తేమ 78 శాతం. మన ఊరికి అది మామూలే. సయనోఅక్రిలేట్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. తేమ ఎక్కువైతే గ్లూ వెంట్రుకను తాకేలోపే పైపొర బిగుసుకుంటుంది. అంటుకున్నట్టే కనిపిస్తుంది, రెండో రోజు రాలిపోతుంది, కొన్నిసార్లు తెల్లగా పొడిలా తేలుతుంది. అందుకే విశాఖలో అర సెకను గ్లూలు కొనవద్దని చెబుతాను. నేను వాడేది రెండు సెకన్లలో పట్టేది. ముందే ఏసీ వేసి గదిని 23 డిగ్రీలకు, తేమను 55 శాతానికి తెచ్చాకే క్లయింటును పడుకోబెడతాను. తేమ మీటరు మంచం పక్కనే, క్లయింటు తల ఎత్తులోనే ఉండాలి. గోడకు పైన తగిలిస్తే వేరే అంకె చూపిస్తుంది. గ్లూ చుక్కను 15 నిమిషాలకోసారి మారుస్తాను. పొడి ఊళ్లవాళ్లు చివర్లో వాడే, సన్నటి నీటి తుంపర చల్లే నానో మిస్టర్ మనకు చాలా రోజులు అవసరమే లేదు. గ్లూ చుక్క వేసుకునే జేడ్ రాయిని ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి. చల్లబడిన రాయి మీద మనకు కనపడనంత నీరు పడుతుంది, గ్లూ అక్కడే పాడవుతుంది.

ఇవన్నీ సరిగ్గానే చేశాను. తప్పు వేరేచోట జరిగింది. "కనపడాలి" అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కుడి కంటికి 0.15 మి.మీ. మందం, సి కర్ల్ (కర్ల్ అంటే ఎక్స్‌టెన్షన్ వంపు), 11 మి.మీ. పొడవు ఎక్స్‌టెన్షన్లు 68 పెట్టాను. ఎడమ కంటికి 72. లేచి అద్దం చూసుకుని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నాకూ కళ్లు చెమర్చాయి.

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. "కుడివైపు రాలిపోతున్నాయమ్మా, ఉన్నవి కూడా అటూ ఇటూ తిరిగిపోయాయి. ఎడమవైపు పొద్దున లేస్తే లాగినట్టుంటోంది. నా ఇడ్లీ ఆవిరి వల్లే కదూ?" అన్నారు. వెంటనే రమ్మన్నాను.

ఆవిరి మీద నెపం వేసెయ్యడం చాలా తేలిక. ఆవిడ కూడా నమ్మేవారు. కానీ లెక్కపెట్టి చూశాను. కుడి కంటికి 68లో 39 మిగిలాయి, వాటిలో 15 పక్కకు తిరిగిపోయాయి. ఎడమ కంటికి 72లో 57 ఉన్నాయి. రెప్పవెంట్రుకలు సహజంగానే రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా రాలుతుంటాయి కాబట్టి తొమ్మిది రోజులకు ఎడమ కన్ను లెక్క సరిపోయింది. రెండు కళ్లకూ తగిలింది ఒకే ఆవిరి. పెట్టింది ఒకే గ్లూ, ఒకే గది, ఒకే రోజు. కుడి కన్ను మాత్రమే ఓడిపోయిందంటే, కారణం నేను అక్కడ పెట్టిన తీరులోనే ఉంది.

తిన్నగా ఉన్న వెంట్రుకకు సి కర్ల్ పెట్టాను. సి కర్ల్ మొదలు నుంచే వంగడం మొదలవుతుంది. తిన్నటి వెంట్రుకకూ దానికీ మధ్య నిజంగా తాకే భాగం ఒక మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. పైగా ఏడు మి.మీ. వెంట్రుక మీద 11 మి.మీ. బరువు. కిందికి చూసే వెంట్రుక మీద పైనుంచి ఆ బరువు పడితే, చిన్నపాటి కదలికకే అది పక్కకు ఒరుగుతుంది. బరువు లెక్క కూడా ఒకసారి చూడండి. మందం పెరిగితే బరువు అదే లెక్కన పెరగదు, మందాన్ని మందంతో హెచ్చించిన లెక్కన పెరుగుతుంది. ఒకే పొడవులో 0.10 కంటే 0.15 బరువు రెండింతలు దాటి పావు. 0.07 రెండు కలిపితే ఇంచుమించు ఒక్క 0.10 బరువే. ఇది తెలిసి కూడా ఆవిడ కోరికకు లొంగిపోయి 0.15 తీశాను.

ఎడమవైపు లాగడానికి కారణం పెద్దదిగా చూపే లెన్స్ పెట్టుకుని వెతికితే దొరికింది. చిక్కుల్లో మూడుచోట్ల, వెంట్రుకకు పక్కనే ఉన్న లేత వెంట్రుక కూడా కలిసి అంటుకుపోయింది. మేము స్టికీస్ అనేది వీటినే. లేతది పెరుగుతుంటే పక్కది లాగి పట్టుకుంటుంది. అందుకే ఆ నొప్పి. అలాగే వదిలేస్తే ఆ చోట వెంట్రుకలు శాశ్వతంగా పలచబడే ప్రమాదం ఉంది. దీనికి నేను ఆవిడకు క్షమాపణ చెప్పాను.

మళ్లీ మొదలుపెట్టిన రోజు

కుడి కన్ను మొత్తం క్రీమ్ రిమూవర్‌తో తీసేశాను. జారే రకం రిమూవర్ కంట్లోకి దిగుతుంది, పైరెప్ప జారిన కళ్లకు క్రీమే మేలు. గ్లూ మెత్తబడేదాకా ఆగి, లాగకుండా జార్చి తీయాలి. తర్వాత క్లెన్సర్‌తో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చాను.

ఈసారి కుడి కంటికి ఎల్ కర్ల్. దీని మొదలు బల్లపరుపుగా రెండు మూడు మిల్లీమీటర్లు సాగి, అక్కడినుంచి ఒక్కసారి పైకి లేస్తుంది. తిన్నటి, వాలిన వెంట్రుకలకు ఇది చేసిపెట్టినట్టు సరిపోతుంది. బల్లపరుపు భాగం వెంట్రుకతో పాటే పడుకుంటుంది, పైకి లేచే భాగం జారిన రెప్ప ముడత కిందినుంచి బయటికి వస్తుంది. మందం 0.10, పొడవు 9 మి.మీ., మధ్యలో మాత్రం కాసిని 10. మొదటి సెట్టులో ఒక్కో వెంట్రుక మోసిన బరువులో ఇది దాదాపు మూడో వంతు. అంటించింది కూడా పైనుంచి కాదు, వెంట్రుక అడుగున. అడుగునుంచి పెడితే వాలిన వెంట్రుకను ఎక్స్‌టెన్షనే ఆసరా ఇచ్చి ఎత్తి పట్టుకుంటుంది. రెప్ప చర్మానికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎడం తప్పనిసరి. అడుగున పెట్టేటప్పుడు ఆ ఎడం కంటికి సరిగా ఆనదు. అందుకే ప్రతి ఐదింటికోసారి పక్కనుంచి వంగి చూశాను.

జారిన రెప్పను నుదుటి వైపుకు ఒక టేప్ ముక్కతో కొద్దిగా ఎత్తాను. కొద్దిగా అంటే మొదళ్లు కనిపించేంత. ఇంకాస్త లాగితే కన్ను తెరుచుకుని గ్లూ ఆవిరి లోపలికి వెళ్తుంది, కళ్లు ఎర్రబడతాయి. కింది రెప్ప వెంట్రుకలను కప్పే జెల్ ప్యాడ్ అంచు కంటి తెల్లగుడ్డును తాకకూడదు. పెట్టాక "ఎక్కడైనా గుచ్చుతోందా?" అని అడగకుండా ఎప్పుడూ మొదలుపెట్టకండి.

ఇక ఎడమ కంటి చిక్కు. చాలామంది చిక్కుపడ్డ వెంట్రుకలను దువ్వి, కొనలు ఎటు చూస్తున్నాయో దాన్నిబట్టి ఎక్స్‌టెన్షన్ పెడతారు. కొన మోసం చేస్తుంది. మొదలు చూడాలి. పైరెప్పకు వెంట్రుకలు ఒకే వరుసలో ఉండవు, ఒకదాని వెనక ఒకటి ఐదారు వరుసలు సర్దుకుని ఉంటాయి. పై వరుసది కిందికి, కింది వరుసది పైకి తోసుకువస్తే మనకు అది చిక్కులా కనిపిస్తుంది. కాబట్టి మైక్రోపోర్ అనే కాగితపు టేప్‌ను మూడు మిల్లీమీటర్ల సన్న పట్టీలుగా కోసి, ఒకసారి చేతి వెనక అంటించి తీసి జిగురు తగ్గించి, పై వరుసలను రెప్ప మీదికి మెల్లగా ఎత్తి పట్టించాను. ముందు అట్టడుగు వరుస. అది పూర్తయ్యాక పట్టీ వదిలి, తర్వాతి వరుస. రెండు వెంట్రుకల మధ్య ఒక్కో వెంట్రుకను విడదీసే ఐసోలేషన్ ట్వీజర్ దూరే చోటు అప్పుడే దొరుకుతుంది. మొదటిసారి నేను ఈ పట్టీలు వేయకుండా చేతి నైపుణ్యాన్ని నమ్ముకున్నాను. మూడు స్టికీస్ అలా వచ్చినవే.

పక్కకు వాలిన వెంట్రుకకు ఏ పక్క అంటించాలన్నది అసలు విద్య. ముక్కువైపు వాలిన దానికి నేను చెవివైపు పక్కన అంటిస్తాను, చెవివైపు వాలితే ముక్కువైపు పక్కన. ఎక్స్‌టెన్షన్ వంపు వెంట్రుక పోయే దారిన కాక తిన్నగా పైకి చూసేలా తిప్పి పెడతాను. వెంట్రుక తన దారిన తనే ఉంటుంది, చూసేవాళ్లకు మాత్రం కొన తిన్నగా కనిపిస్తుంది. వెంట్రుకను బలవంతంగా వంచి అంటిస్తే అది తిరిగి తన చోటికి పోతూ బంధాన్ని విప్పేసుకుంటుంది.

అన్నిటికీ పెట్టలేదు. మరీ అడ్డంగా ఉన్న తొమ్మిది వెంట్రుకలను అలాగే వదిలేశాను, లేతవాటిని ముట్టలేదు. వదిలేసిన చోట ఖాళీ కనపడకుండా, పక్కనున్న గట్టి వెంట్రుకల మీద 0.07వి రెండేసి కలిపి చిన్న విసనకర్రలా పెట్టాను. పాతవాటిలో స్టికీస్‌లో చిక్కిన ఆరు తీసి, కొత్తగా పది చేర్చితే ఎడమ కంటి లెక్క 61 అయింది. కుడి కంటికీ 61. ప్రతి ఇరవైకి ఒకసారి రెండు ట్వీజర్లతో మొదళ్ల దగ్గర విడదీసి చూసుకున్నాను. మొత్తం మూడు గంటల పది నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి కళ్లకు విశ్రాంతి ఇచ్చాను. ఇంత సమయం పడుతుందని ముందే చెప్పి, దానికి తగ్గ డబ్బు తీసుకోండి. తొందర ఉన్న రోజు ఇలాంటి కళ్లను ముట్టుకోవద్దు.

పొయ్యి దగ్గర

మర్నాటి తర్వాత రోజు పొద్దున్నే ఏడింటికి వాళ్ల టిఫిన్ సెంటర్‌కు వెళ్లాను. పెసరట్టు తింటూ ఆవిడ పనిచేసే తీరు చూశాను. కుడిచేత్తో అట్లకాడ, ఎడమ భుజం మీద తువ్వాలు. చెమట పట్టినప్పుడల్లా ఎడమచేత్తో ఆ తువ్వాలు అందుకుని, ఎడమ కంటి మూలనుంచి చెవివైపుకు గట్టిగా ఒక్క తుడుపు. గంటలో పదిసార్లయినా తుడిచి ఉంటారు. చిక్కు ఉన్నది సరిగ్గా ఆ మూలలోనే. ఇన్నేళ్లుగా తలగడ కంటే తువ్వాలే ఎక్కువ పనిచేసిందని అప్పుడు అర్థమైంది.

అక్కడే నిలబడి చెప్పాను: "అక్కా, తుడవద్దు, అద్దుకోండి. నుదుటి మీద, చెంపల మీద అద్దుకుంటే చాలు, కంటి దాకా పోవద్దు." ఇడ్లీ పాత్ర మూతను తనకు అవతలివైపుకు తెరవమన్నాను. నేరుగా కొట్టే వేడికి సింథటిక్ ఎక్స్‌టెన్షన్ కర్ల్ వదులైపోతుంది. కొత్తగా పెట్టిన మొదటి 24 గంటలు పొయ్యి దగ్గరికి అసలు రావద్దని ముందే చెబితే, ఆ ఒక్కరోజు వాళ్లాయన నడిపించారు. రాత్రి పడుకునేముందు క్లెన్సర్, పొద్దున శుభ్రమైన బ్రష్. ఇంతే.

పెళ్లికి రెండు రోజుల ముందు ఫిల్‌కు, అంటే రాలినచోట కొత్తవి పెట్టించుకోవడానికి వచ్చారు. పదకొండు రోజులు గడిచాయి. కుడి కంటికి 61లో 50, ఎడమకు 51 ఉన్నాయి. తిరిగిపోయినవి కుడివైపు రెండే. అదే ఆవిరి, అదే పొయ్యి. ఖాళీలు నింపి, పెళ్లి రోజు కోసం ఇంకొక్క మాట చెప్పాను. వేకువజాము ముహూర్తం, హోమం పొగ, ఆపైన అప్పగింతలు. తల్లి ఏడవకుండా ఉండదు. ఏడవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కన్నీళ్లకు ఎక్స్‌టెన్షన్లు రాలవు, చీర కొంగుతో తుడిస్తే రాలతాయి. మెత్తటి చేతిరుమాలు మడత ఒకటి నడుము దగ్గర దోపుకుని, కంటి కింద ఆనించి నీళ్లు పీల్చుకోనివ్వమన్నాను. ముందురోజు అమ్మాయికి నలుగు పెట్టేటప్పుడు నూనె చేతులతో కళ్లు ముట్టుకోవద్దని కూడా చెప్పాను.

ఫొటోలు చూపించడానికి పెళ్లయిన మూడు వారాలకు వచ్చారు. అప్పగింతల ఫొటో ఒకటి ఉంది, రుమాలు కంటి కింద ఆనించి ఉంది, కళ్లు తడిగా, వెంట్రుకలు ఒక్కొక్కటి విడిగా నిలబడి ఉన్నాయి. ఆవిడ మళ్లీ ఫిల్ చేయమన్నారు. లెన్స్ పెట్టి చూస్తే ఎడమ కంటి లోపలి మూలలో ఆ రెండు వెంట్రుకలు తిరిగి మొలిచి, లోపలికే చూస్తున్నాయి. ఆ రోజు మంచం మీద పడుకోబెట్టలేదు. మళ్లీ కంటి డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చాక, తర్వాతి సోమవారం ఫిల్ చేశాను.